సవరం నుండి విగ్గు వరకు

"జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే" అని తెలుగు సామెత. జుట్టు లేని అమ్మ ఏమి చేయాలో ఆ సామెత చెప్పదు. ఆ ప్రశ్నకు మానవుడు కొన్ని వేల సంవత్సరాల క్రితమే ఒక సమాధానం కనిపెట్టినాడు. మరొకరి వెంట్రుకలనో, వెంట్రుకల వంటి పోగులనో కూర్చి తలపై ధరించడమే ఆ సమాధానం. జడకు చేర్చేదానిని మన ఇండ్లలో సవరం అన్నారు. తలంతా కప్పేదానిని నాటకాలవారు టోపా అన్నారు. ఇప్పుడు అందరూ విగ్గు అంటున్నారు.

విగ్గు చరిత్రలో తిరుపతికి ఒక విశేష స్థానం ఉన్నది. తిరుమల కొండపై భక్తులు సమర్పించే తలనీలాలు సముద్రాలు దాటి, దేశదేశాల స్త్రీపురుషుల తలలపై విగ్గులుగా నిలుస్తున్నవి. అయితే సామాన్యుడు బజారులో కొనగలిగే చౌక విగ్గులో సాధారణంగా ఒక్క వెంట్రుక కూడా ఉండదు. అది రసాయన కర్మాగారంలో తయారయిన కృత్రిమ పోగు. ఇట్లా ఎందుకు జరిగినది? ఆ చౌక విగ్గును ఇంటివద్దనే సరిచేసుకొని, సహజమైన జుట్టువలె కనబడేటట్లు చేయడం సాధ్యమేనా? మొదటి ప్రశ్నకు చరిత్ర సమాధానం చెబుతుంది. రెండవదానికి వెంట్రుక నిర్మాణం, పోగు స్వభావం తెలియాలి.

ప్రాచీన కాలపు విగ్గులు

పూర్వం ఈజిప్టు దేశంలో స్త్రీలేకాక పురుషులు కూడా విగ్గులు ధరించేవారు. శుభ్రత కొరకు, వేడి వలన జుట్టు కురచగా కత్తిరించుకొనో, పూర్తిగా గొరిగించుకొనో, పైన విగ్గు పెట్టుకొనేవారు. థీబ్సు నగర సమాధులలో దొరికిన అట్టి విగ్గు ఒకటి లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నది. దాని వయస్సు సుమారు 3,400 సంవత్సరాలు. అది మానవ కేశాలతో చేసినది. పైభాగాన ఉంగరాలు, క్రింది భాగాన సన్నని జడపాయలు నేటికీ చెదరక నిలిచి ఉన్నవి. దీనికి కారణం తేనెమైనం. మైనాన్ని, చెట్ల బంకను కలిపి కేశాలకు పట్టించినారు. తేనెమైనం కరగడానికి 60 డిగ్రీల సెంటిగ్రేడుకు పైగా వేడి కావాలి. ఈజిప్టు ఎండలో గాలి కూడా అంత వేడెక్కదు. వేడితో మెత్తబరచడం, కావలసిన రూపం ఇవ్వడం, చల్లార్చి ఆ రూపాన్ని నిలపడం - ఇదీ ఆనాటి పద్ధతి. నేటి చౌక విగ్గును తీర్చడంలోనూ ఇదే సూత్రం పనిచేస్తుంది.

యూరపులో 17వ శతాబ్దంలో విగ్గు రాజలాంఛనమయినది. ఫ్రాన్సు రాజు 13వ లూయీ తన జుట్టు పలుచబడగా విగ్గు పెట్టుకొన్నాడు. ఆయన కుమారుడు 14వ లూయీ కాలానికి విగ్గు లేనిదే ఆస్థానంలో అడుగుపెట్టలేని పరిస్థితి వచ్చినది. న్యాయమూర్తులు, అధికారులు, వర్తకులు అందరూ దానినే అనుసరించినారు. విగ్గులపై తెల్లగా పిండిపొడి చల్లడం ఒక అలంకారం. 1795లో ఇంగ్లండు ప్రభుత్వం ఈ పొడి వాడేవారిపై సాలుకు ఒక గినీ పన్ను విధించినది. అది తిండిగింజలు కొరవడిన కాలం కూడా. దానితో పొడి వాడుక క్షీణించి, విగ్గు సామాన్య జీవితం నుండి తప్పుకొన్నది. ఇంగ్లండులో న్యాయస్థానాలలో మాత్రం నేటికీ మిగిలి ఉన్నది.

మన ప్రాంతపు సవరాలు

యూరపులో విగ్గు ధనికుల వస్తువు కాగా, మన ప్రాంతంలో సవరం పేదింటి వస్తువు కూడా. స్త్రీలు తల దువ్వుకొన్నప్పుడు ఊడిన వెంట్రుకలను పారవేయక, ఉండగా చుట్టి గోడ సందులోనో, డబ్బాలోనో దాచేవారు. పూసలు, సూదులు, పిన్నీసులు, దువ్వెనలు అమ్ముతూ వీధులలో తిరిగేవారు ఆ ఉండలు తీసుకొని బదులుగా సరుకు ఇచ్చేవారు. చిక్కులు విడదీసి, పొడవుల ప్రకారం కూర్చి, మొదళ్ళను నల్లదారంతో బిగించి కట్టితే సవరం. జడ సన్ననిదైతే దానిని కలిపి అల్లి, చివర కుచ్చులు కట్టేవారు.

తిరుపతిలో ఏటా జరిగే గంగమ్మ జాతరలో ఈ విద్య పురుషుల చేతికి వస్తుంది. స్త్రీలను బాధించిన పాలెగాడిని వెతకడానికి గంగమ్మ పలు వేషాలు ధరించినదనీ, చివరకు దొర వేషంలో అతనిని సంహరించినదనీ స్థానిక గాథ. ఆ వేషాలను జాతరలో వరుసగా కడతారు. మొక్కుకొన్న పురుషులు కూడా చీర కట్టి, సవరమో విగ్గో పెట్టి, పూలు తురిమి తాతయ్యగుంట గంగమ్మను దర్శిస్తారు. ఈ అలంకారమంతా ఎక్కువగా ఇండ్లలోనే జరుగుతుంది. పూర్వపు చిత్తూరు జిల్లాలోని ద్రౌపదీ ధర్మరాజుల గుళ్ళలో జరిగే భారత ఉత్సవాలలో పగలు హరికథ, రాత్రి వీధినాటకం నడుస్తవి. అక్కడ కథ ద్రౌపది విడిచిన కురులపైననే నిలుస్తుంది. చివరి దినాన మట్టితో చేసిన భారీ దుర్యోధన విగ్రహం కూలిన తరువాతనే ద్రౌపది వేషధారి జుట్టు ముడివేస్తాడు. ఆ పాత్రను పురుషుడే ధరించే సంప్రదాయంలో, రాత్రంతా ఊడని విగ్గు నాటకానికి ప్రాణం.

ఆంధ్ర నాటకరంగంలో స్త్రీ పాత్రలకు పేరుపొందిన స్థానం నరసింహారావు (1902-1971) 1956లో పద్మశ్రీ పొందినారు. అట్టి నటులకు మంచి విగ్గులు ఉండేవి. పల్లె సమాజాలకు ఆ వసతి లేదు. మునుల జటలకు, గడ్డాలకు జనపనార చాలేది. దానికి నల్లరంగు వేసి, గుడ్డ టోపీకి కుట్టి విగ్గు చేసుకొనేవారు. చౌక వస్తువును ఇంటివద్ద తీర్చుకొనడం మనవారికి కొత్త కాదన్నమాట.

కల్యాణకట్ట నుండి ప్రపంచ విపణికి

స్వామి తలపై గాయమై కొంత జుట్టు పోగా, నీలాదేవి అనే గంధర్వ కన్య తన కురులను కోసి ఇచ్చినదని తిరుమలలో ఒక గాథ ఉన్నది. తలనీలాలనే మాటను, నీలాద్రి అనే కొండ పేరును ఆమెతో ముడిపెట్టి చెబుతారు. భక్తులు తలనీలాలు సమర్పించే చోటు కల్యాణకట్ట. 1932నాటి మద్రాసు శాసనం ద్వారా తిరుమల తిరుపతి దేవస్థానముల పాలక వ్యవస్థ ఏర్పడినది. సేకరించిన కేశాలను దేవస్థానం పొడవును బట్టి తరగతులుగా విభజిస్తుంది. తెల్ల వెంట్రుకలను వేరు చేస్తుంది. తరువాత వాటిని వేలం వేస్తుంది. ఇటీవలి కాలంలో ఈ వేలం ఎలెక్ట్రానిక్ పద్ధతిలో జరుగుతున్నది.

1960 తరువాత అమెరికాలో స్త్రీల విగ్గులకు గిరాకీ అమితంగా పెరిగినది. 1965లో అమెరికా ప్రభుత్వం కమ్యూనిస్టు చైనా నుండి వచ్చే వెంట్రుకలను నిషేధించినది. ఆ లోటును పూరించడానికి ఇతర ఆసియా దేశాలు ముందుకు వచ్చినవి. దక్షిణ కొరియాలో విగ్గుల తయారీ ప్రధాన ఎగుమతి పరిశ్రమలలో ఒకటయినది. మన దేశంలో ముడి వెంట్రుకలను అమ్మడం కంటె విగ్గులుగా చేసి అమ్మడం లాభమని గ్రహించి, స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ 1960ల చివరలో మద్రాసులో 'విగ్ ఇండియా' అనే కర్మాగారాన్ని నడిపినది.

2004 మే నెలలో ఈ వ్యాపారానికి ఊహించని దిక్కునుండి ఒక దెబ్బ తగిలినది. యూదు మతంలోని ఆచారపరాయణులైన వివాహిత స్త్రీలు తమ జుట్టును కప్పుకొనడానికి విగ్గు ధరిస్తారు. తిరుమల కేశాలు అన్యదేవతకు సమర్పించినవి గనుక వాటితో చేసిన విగ్గులు వాడరాదని జెరూసలేములోని మతాచార్యుడు యోసెఫ్ షాలోం ఎల్యాషివ్ నిర్ణయం చెప్పినాడు. న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో, ఇస్రాయెల్‌లో స్త్రీలు ఎంతో ఖరీదైన విగ్గులను వీధులలో తగులబెట్టినారు. చాలమంది కృత్రిమ పోగుల విగ్గులకు మారినారు. ఒక కొండపై జరిగే మొక్కుబడి వేల మైళ్ళ దూరాన ఇండ్లలోని అలమరలను తాకినదంటే, ఈ వ్యాపారం ఎంత దూరం వ్యాపించినదో తెలుస్తుంది. 2022 జనవరిలో భారత ప్రభుత్వం ముడి వెంట్రుకల ఎగుమతిపై ఆంక్షలు విధించినది.

కొండ మీది వెంట్రుక ఎందుకు ప్రియం?

తల వెంట్రుక నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. 75 సెంటీమీటర్ల జుట్టు వెనుక ఆరు సంవత్సరాలకు పైబడిన కాలం ఉన్నదన్నమాట. అంత పొడవు జుట్టు అరుదు గనుక వెల ఎక్కువ. కాని పొడవు ఒక్కటే కారణం కాదు.

వెంట్రుకను సూక్ష్మదర్శినిలో చూస్తే దాని పైపొర నునుపుగా ఉండదు. ఇంటిపై పెంకులు కప్పినట్లు పొలుసులు ఒకదానిపై ఒకటి కప్పి ఉంటవి. పొలుసుల అంచులన్నీ మొదటి నుండి కొన వైపుకే తిరిగి ఉంటవి. ఒక పొడవాటి వెంట్రుకను రెండు వ్రేళ్ళ మధ్య పట్టి మొదటి నుండి కొనకు లాగితే జారుతుంది. కొన నుండి మొదటికి లాగితే కొంచెం పట్టినట్లు ఉంటుంది. తరగతిలో ప్రతి విద్యార్థీ దీనిని చేసి చూడవచ్చు.

కల్యాణకట్టలో పొడవాటి జుట్టును ముడిగా కట్టి ఒకేసారి తీస్తారు. మొదళ్ళన్నీ ఒకవైపు, కొనలన్నీ మరొకవైపు ఉంటవి. పొలుసులన్నీ ఒకే దిశలో ఉండడం వలన అట్టి జుట్టు విగ్గుగా చేసినా చిక్కు పడదు. దువ్వెనకు వచ్చిన ఉండలో మొదళ్ళు, కొనలు కలిసిపోయి ఉంటవి. ఎదురెదురు పొలుసులు ఒకదానినొకటి పట్టుకొని చిక్కులు పడతవి. అందువలన అట్టి వెంట్రుకలను ఆమ్లంలో ముంచి పొలుసులను కరిగించి, పైన నునుపు కొరకు సిలికోన్ పూత పూస్తారు. ఆ పూత కొన్నాళ్ళకు పోతుంది. ధరలోని తేడాకు మూలం ఇక్కడ ఉన్నది.

వెంట్రుకలో ప్రధానంగా ఉండేది కెరటిన్ అనే మాంసకృత్తు. దాని అణువులు పొడవైన గొలుసులు. 1930ల ప్రాంతంలో ఇంగ్లండులోని లీడ్సు నగరంలో విలియం ఆస్ట్‌బరీ వెంట్రుకలపైకి ఎక్సురేలు ప్రసరింపజేసి, ఈ గొలుసులు మడతపడి ఉంటవనీ, తడిపి లాగినప్పుడు సాగుతవనీ కనిపెట్టినాడు. 1951లో లైనస్ పౌలింగు, ఆయన సహచరులు ఆ మడత మరచుట్టు ఆకారంలో ఉంటుందని వివరించినారు. ఈ గొలుసులను రెండు విధాల బంధాలు కలిపి ఉంచుతవి. ఒకటి బలహీనమైన ఉదజని బంధం. నీరు తగిలితే అది విడిపోతుంది, ఆరితే మళ్ళీ ఏర్పడుతుంది. తడి జుట్టును పెన్సిలుకు చుట్టి ఆరనిస్తే ఉంగరం నిలవడానికీ, మళ్ళీ తడిస్తే పోవడానికీ ఇదే కారణం. రెండవది గంధకపు పరమాణువుల మధ్య ఉండే దృఢమైన బంధం. దీనిని మార్చడానికి రసాయనం కావాలి. లండనులో కార్ల్ నెస్లర్ 1906 ప్రాంతంలో ప్రదర్శించిన శాశ్వతమైన ఉంగరాల పద్ధతి ఈ బంధాలపైననే ఆధారపడినది.

కృత్రిమ పోగు

1950 ప్రాంతంలో అమెరికాలోనూ, 1957లో జపానులోనూ మోడాక్రిలిక్ అనే కొత్త పోగులు తయారయినవి. జపాను పోగుకు కనెకలాన్ అని పేరు. ఎక్రిలోనైట్రైల్, వినైల్ క్లోరైడ్ వంటి పదార్థాల అణువులను గొలుసులుగా కూర్చి, సన్నని రంధ్రాల గుండా పంపి వీటిని తీస్తారు. పెరగడానికి ఆరేళ్ళు అవసరం లేదు. ఎంత పొడవైనా, ఏ రంగైనా కొద్ది కాలంలో సిద్ధం. విగ్గు చౌక కావడానికి ఇదే కారణం.

నిజమైన వెంట్రుకనూ, కృత్రిమ పోగునూ గుర్తించడానికి సులభమైన పరీక్ష ఉన్నది. ఉపాధ్యాయుడు ఒకే ఒక్క పోగును పటకారుతో పట్టి మంటకు చూపాలి. వెంట్రుక అయితే ఈకలు కాలిన వాసన వేసి, నలిపితే పొడి అయ్యే బూడిద మిగులుతుంది. కృత్రిమ పోగు కరిగి ముడుచుకొని, గట్టి పూసవలె చల్లారుతుంది. దాని పొగను పీల్చరాదు.

ఈ పూసలోనే చౌక విగ్గును తీర్చే కీలకం ఉన్నది. కృత్రిమ పోగులో గంధకపు బంధాలు లేవు. దాని రూపాన్ని నిలిపేదీ, మార్చేదీ వేడి. కొద్ది వేడికి గొలుసులు సడలి మెత్తబడతవి. చల్లారితే కొత్త రూపంలో స్థిరపడతవి. వేడి మించితే కరుగుతవి. ఈజిప్టువారి మైనం కథ ఇక్కడ పోగులోనే జరుగుతున్నది.

ఇంటివద్ద సవరణ

చౌక విగ్గులో కనబడే దోషాలు ముఖ్యంగా నాలుగు: తలకు సరిగా అమరకపోవడం, నుదుటివద్ద మరీ ఒత్తుగా ఉండడం, అసహజమైన మెరుపు, రూపం కుదరకపోవడం. నాలుగింటినీ ఇంటివద్ద తగ్గించవచ్చు.

మొదట అమరిక. నుదురు, చెవుల పైభాగం, మెడ వెనుకభాగం మీదుగా తల చుట్టుకొలత టేపుతో కొలవాలి. విగ్గు లోపల మెడవద్ద బిగించే పట్టీలు ఉంటవి. అవి చాలకపోతే లోపలి గుడ్డకు సూదీదారంతో చిన్న మడత కుట్టాలి. లోపల మెత్తని నూలు టోపీ పెట్టుకొంటే చర్మం ఒరుసుకొనదు, విగ్గు జారదు.

రెండవది నుదుటి అంచు. సహజమైన జుట్టు నుదుటివద్ద పలుచగా మొదలయి వెనుకకు పోయేకొద్దీ ఒత్తవుతుంది. చౌక విగ్గులో అంచునుండే ఒకే ఒత్తు. చిమటాతో అక్కడక్కడ కొద్ది పోగులు తీసివేస్తే అంచు పలుచబడుతుంది. కత్తిరింపు కూడా విగ్గును తలపై పెట్టిన తరువాతనే, కత్తెరను నిలువుగా పట్టి, కొంచెం కొంచెంగా చేయాలి. తల జుట్టు పొరపాటున కత్తిరించినా పెరుగుతుంది, విగ్గు పెరగదు.

మూడవది మెరుపు. వెంట్రుకపై పొలుసులు వెలుతురును చెదరగొడతవి. కృత్రిమ పోగు నునుపుగా ఉండి అద్దంవలె ఒకే దిక్కుకు పంపుతుంది. కొంచెం టాల్కం పొడిని కుంచెతో అద్ది, బాగా దులిపితే మెరుపు తగ్గుతుంది. 1795లో పన్ను పడిన పొడి అలంకారానికి చల్లినది. ఇది కంటబడకుండా ఉండడానికి చల్లేది.

నాలుగవది రూపం. ఉంగరాలు కావాలంటే తడి పాయలను ప్లాస్టిక్ చుట్టలకు చుట్టి, పొయ్యి మీదనుండి దించిన వేడినీళ్ళను జాగ్రత్తగా పోసి, పూర్తిగా చల్లారి ఆరేవరకు విప్పరాదు. పొడిగా వేడిచేయక నీరే ఎందుకు వాడాలి? బహిరంగ పాత్రలో నీరు 100 డిగ్రీలకు మించి వేడెక్కదు. అంతటి వేడికి పోగు మెత్తబడుతుంది గాని కరగదు. ఇస్త్రీపెట్టె వేడి 200 డిగ్రీలకు చేరగలదు. అది తగిలితే పోగు పాడవుతుంది. అధిక వేడిని తట్టుకొనే పోగు అని పెట్టెపై వ్రాసి ఉన్నప్పుడే, అందులో చెప్పిన వేడికి లోబడి వేడి పరికరాలు వాడవచ్చు. పిల్లలు ఈ పనిని పెద్దల సమక్షంలోనే చేయాలి.

కృత్రిమ విగ్గుకు మామూలు తలరంగు పట్టదు. ఆ రంగు కెరటిన్ కొరకు చేసినది. చల్లని నీటిలో కొద్ది షాంపూతో జాడించి, పిండక, తువ్వాలుతో అద్ది నీడన ఆరవేయాలి. వెడల్పు పండ్ల దువ్వెనతో కొనల నుండి మొదలుపెట్టి పైకి పోతూ దువ్వాలి. విగ్గుతో పొయ్యి దగ్గర వంగడం, ఉడికే పాత్ర మూత తీయడం ప్రమాదం. ఆ సెగకు ముందు పాయలు ముడుచుకొనిపోతవి.

ఎవరి కొరకు?

జాతరకో, నాటకానికో విగ్గు ఒక్క రాత్రి నిలిస్తే చాలు. ఇంకొకరికి అది నెలల తరబడి కావాలి. క్యాన్సరుకు వాడే మందులలో పెక్కు, శరీరంలో వేగంగా విభజన చెందే కణాలను దెబ్బతీస్తవి. వెంట్రుకల కుదుళ్ళలోని కణాలు అట్టివే. కాబట్టి రోగకణాలతోపాటు అవి కూడా దెబ్బతిని జుట్టు రాలిపోతుంది. చికిత్స ముగిసిన కొన్ని నెలలలో సాధారణంగా మళ్ళీ వస్తుంది. ఈ మధ్యకాలం రోగికి కష్టమైనది. మన సమాజంలో స్త్రీ తల బోడిగా కనబడితే తిరుపతికి పోయివచ్చినదా అని అడిగేవారున్నారు, చాటున వేరే మాటలనేవారూ ఉన్నారు. రోగాన్ని పదిమందికీ చెప్పడమా మానడమా అనే నిర్ణయం ఆమె చేతిలో లేకుండా పోతుంది.

తిరుపతిలో 1993లో ప్రారంభమయిన శ్రీ వేంకటేశ్వర వైద్య విజ్ఞాన సంస్థ ఉన్నది. 2022లో ప్రత్యేకంగా క్యాన్సరు ఆసుపత్రి కూడా ప్రారంభమయినది. చికిత్స కొరకు రాయలసీమ పల్లెల నుండి ఇక్కడికి వచ్చే పేదలకు మానవ కేశాల విగ్గు అందనంత ఖరీదు. కొండ మీది కురులు విదేశీ విపణికి పోతుండగా, కొండ దిగువన ఉన్న రోగికి మిగిలేది కృత్రిమ పోగుల చౌక విగ్గే. దానిని పెట్టుకొని బయటికి పోగలదా, లేక నవ్వుతారని పెట్టెలో పడవేస్తుందా అనేది పైన చెప్పిన నాలుగు సవరణలపై ఆధారపడి ఉన్నది. ఒక సూది, ఒక కత్తెర, చిమటా, పొడిడబ్బా, గిన్నెడు వేడినీళ్ళు, ఒక పూట శ్రమ - కావలసినవి ఇంతే. చికిత్స పొందేవారి చర్మం సున్నితంగా ఉంటుంది గనుక పుండు గాని, దురద గాని ఉంటే వైద్యుని అడిగిన తరువాతనే విగ్గు వాడాలి.

పాఠశాలలో మాంసకృత్తులను గురించి, ప్లాస్టిక్కులను గురించి, ఉష్ణాన్ని గురించి వేర్వేరు పాఠాలుగా చెబుతారు. మూడింటినీ కలిపి చూపడానికి ఒక వెంట్రుక, ఒక విగ్గు పోగు చాలు. ఆ పాఠం విన్న విద్యార్థి ఇంటిలోనో, ఇరుగుపొరుగునో అవసరం కలిగిన నాడు చౌక విగ్గును ఇస్త్రీపెట్టెకు బలిచేయడు. వేడినీళ్ళతో తీర్చి ఇస్తాడు.